గడపలో గులాం రసూల్ చెప్పులు

సర్వర్ బేగం సంచిలో రెండు చొక్కాలు పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. జొన్నరొట్టెలు గుడ్డలో చుట్టి పైన సర్దింది. ఇరుకైందన్న వంకతో ఒక చొక్కా బయట పడేసింది. ఒక్క చొక్కాతో పోయినవాడు తొందరగా తిరిగొస్తాడని ఆమె ఆశ.

పోయేది తమ్ముడు ముర్తుజా. ముప్పై ఏళ్లు. పటాన్‌చెరు బస్సుల అడ్డాలో బస్సులు కడుగుతాడు. మూడేళ్లు రాత్రిబడిలో చదివి, ఇప్పుడు హైదరాబాదు పోయి మెట్రిక్ పరీక్ష రాయబోతున్నాడు. పాసైతే అదే అడ్డాలో గుమాస్తా పని. పరీక్ష ఫీజు కట్టే తాహతు లేదు. అయితే ఆ ఏడు, అంటే 1955లో, వయసు మీరి చదువుకున్నవాళ్లకు, ఇంట్లో వేరే సంపాదన లేకపోతే ఫీజు మాఫీ ఉందని పంతులు చెప్పాడు.

ఆ మాట విన్నప్పటి నుంచే ఆమెకు గుండెదడ.

"సర్కారు ఉత్తగ ఎందుకిస్తది రా? పేర్లు రాసుకుంటున్నరు. ఎన్కట పోలీస్ యాక్షన్ల గూడ గట్లనే రాసుకున్నరు."

"అది వేరే, ఇది వేరే ఆపా. జల్దీ కానియ్యి, బస్సెల్లిపోతది."

ప్రయాణమయ్యేవాళ్ల దండచేతికి కట్టే ఇమాం జామిన్ ఆమె పిడికిట్లోనే ఉంది. పచ్చగుడ్డలో మూటగట్టిన నాణెం అది. అది కట్టిందంటే తమ్ముడు గడప దాటినట్టే. అందుకని కట్టకుండా రొట్టెలు మళ్లీ విప్పి మళ్లీ చుట్టింది.

గడప పక్కన ఒక జత పాత తోలుచెప్పులున్నాయి. పెద్దన్న గులాం రసూల్‌వి. అన్న కొత్త బూట్లు తొడుక్కుని ఇల్లు విడిచిన నాటి నుంచీ ఆమె వాటిని కదపలేదు. శుక్రవారం శుక్రవారం నూనె రాస్తుంది. కొత్త మనిషి ఎవరు తలుపు తట్టినా పరదా వెనక నుంచి ఒకటే జవాబు, "భాయ్ లోపల పండుకున్నడు" అని. తమ్ముడు పనికి పోతే ఇంట్లో మగదిక్కు లేదని తెలిసిపోతుందన్న భయంతో మొదట్లో అలా చెప్పింది. పోను పోను, ఆ మాట అనకపోతే అన్న నిజంగానే రాడేమో అన్న భయం పట్టుకుంది.

వాకిట్లో దగ్గు వినిపించింది. ఈమధ్యే జోగిపేట నుంచి బదిలీ అయి వచ్చిన తహసీలు కచేరి జవాను మొగులయ్య.

"ముర్తుజా భాయ్, సంచి దించు. నీ మాఫీ ఆగింది."

"ఏంది? ఎందుకు?"

"మొన్న విచారణకొచ్చిన గద. పెద్దన్న ఉన్నడు, లారీ నడుపుతడని మీ అక్కనే చెప్పింది. రెండు సంపాదనల ఇంటికి మాఫీ యాడిది?" పరదా వైపు తిరిగాడు. "కుంభకర్ణుడు గూడ ఆర్నెల్లకోపారి లేస్తడమ్మా. నీ అన్న నేనెప్పుడొచ్చినా పండుకునే ఉంటడు!"

ఎవరూ నవ్వలేదు. మొగులయ్య తలపాగా సర్దుకున్నాడు.

"ఆపా, నువ్వే చెప్పినవా?"

"భయమైంది రా."

ముర్తుజా చెప్పులకేసి చూశాడు. "నడువు మొగులన్నా, నేనొచ్చి చెప్త."

"మాఫీ అడిగేటోని మాట చెల్లదు. ఇంట్ల పెద్దోళ్లు చెప్పాలె. జెర సేపైతే తహసీల్దార్ సాబ్ హత్నూర క్యాంపుకు పోతడు."

సర్వర్ బేగం నోరు విప్పలేదు. విప్పకపోతే చాలు, తమ్ముడు ఇంట్లోనే ఉంటాడు. ఆ ఆలోచనకు గుండె ఒక్కసారిగా తేలికైంది. అలా తేలికైనందుకే ఆమెకు ఒళ్లు జలదరించింది.

ముర్తుజా బతిమాలలేదు. సంచిలోంచి రొట్టెలు తీసి గంపలో పెట్టాడు. "పోనియ్యి ఆపా. బస్సులు కడుగుడు యాడికీ పోదు" అన్నాడు. పొద్దంతా నీళ్లలో నానే అతని వేళ్ల సందులు తెల్లగా ఒరిసిపోయి ఉన్నాయి. కలం పట్టే వేలికి మాత్రం గుడ్డపీలిక చుట్టుకున్నాడు, సిరా తగిలితే మండుతుందని.

ఆమె ఆ రొట్టెలు తిరిగి సంచిలో పెట్టింది. బురఖా తొడుక్కుంది. చెప్పుల పక్క నుంచి, వాటికి బురఖా అంచు తగలకుండా, గడప దాటింది.

అన్న పోయిన తర్వాత కచేరి ఉన్న వీధిలోకి ఆమె ఎన్నడూ రాలేదు. కచేరి మెట్లు ఎక్కింది. లోపల ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలిచారు. ఆమె తమ్ముడి చొక్కా గట్టిగా పట్టుకుంది.

సాబ్ తల ఎత్తకుండానే అడిగాడు. "మీ అన్న ఇంట్లో ఉన్నాడా?"

"భాయ్ లోపల..." అలవాటైన మాట నాలుక మీదికి వచ్చేసింది. పళ్లు బిగబట్టి ఆపింది.

"మీరు నోటితో చెబితేనే మాఫీ రాస్తాను. లేడా? ఎప్పటినుంచి?"

ఆమె తమ్ముడిని దగ్గరికి లాగింది. అందరి ముందే అతని దండకు పచ్చగుడ్డ కట్టి, ముడి మీద ముడి వేసింది. అప్పుడు సాబ్ వైపు తిరిగింది.

"గులాం రసూల్ నా పెద్దన్న సాబ్. పందొమ్మిది వందల నలభై ఎనిమిది, సెప్టెంబరు నెల, ఆఖరి శుక్రవారం. ఎవరో పేరు పెట్టి పిలిస్తే, రెండు రోజుల్ల వస్తనని సంచి పట్టుకొని పోయిండు. మళ్ల రాలే."