గుండీ విప్పిన ఇల్లు

సాయానికి తిరుగుతున్న పేటవాళ్ళ ఈలలు వినిపిస్తూనే ఉన్నాయి. ఒక్కటీ ఈ సందులోకి మళ్ళడం లేదు.

మిషనమ్మ కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడింది. ఇంటినిండా కుట్టుపని పెట్టుకుని కూర్చుంటుందని పేటలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. మిట్టమధ్యాహ్నమే అయినా బయట మసకమసకగా ఉంది. కాలువ గట్టు దాటిన నీళ్ళు గడప దాటి, కుట్టుమిషను పెడలు ముంచేసి, పైపైకి వస్తున్నాయి. పిల్లి దూకినా ఉలిక్కిపడే మనిషి ఆమె. భయం ఆమెకు కొత్త చుట్టమేమీ కాదు. కానీ ఈ భయాన్ని తనే చేజేతులా ఇంటికి తెచ్చుకుంది.

"ఎవరూ రారేంటే? ఆ బేకరీవాడు ఎక్కడ కూలబడ్డాడు?" అంది అత్తగారు.

అత్తగారికి కాళ్ళు పడిపోయి చాలాకాలమైంది. నోరు మాత్రం నిక్షేపంగా ఉంది. ఆవిణ్ణి ఎలాగో లాక్కొచ్చి బట్టలు కత్తిరించే బల్ల మీదికి చేర్చేసరికి మిషనమ్మకు తలప్రాణం తోకకొచ్చింది. అంతకుమించి ఒక్కర్తీ ఏమీ చేయలేకపోయింది. లారీ మీద పోయిన మొగుడు ఎప్పుడొస్తాడో తెలియదు. అరిచి అరిచి గొంతు పోయింది. ఇరుగుపొరుగు ఎప్పుడో గోదాము మిద్దె మీదికి వెళ్ళిపోయారు.

"వస్తారత్తయ్యా," అంది. రారని ఆమెకు తెలుసు.

మునిసిపాలిటీ ఆఫీసువాళ్ళ పటంలో ఈ పేట లేదు. కాలువ పక్కన నీలిగీతలు గీసి 'ముంపు ప్రాంతం' అని రాసి చేతులు దులుపుకున్నారు. ఇళ్ళూ లేవు, మనుషులూ లేరు. లేని మనుషుల్ని ఖాళీ చేయించడం ఎంత తేలిక! అది చూసి పేటలో పిల్లలకు చదువు చెప్పే టీచరమ్మకు ఒళ్ళు మండింది. "వాళ్ళ పటంలో మనం లేకపోతే మన పటం మనమే వేసుకుందాం," అంది. కింది గదులు పనికీ, పై అంతస్తులు కాపురానికీ వాడుకుందాం, కాలువకు దాని పాత వెడల్పు దానికి వదిలేద్దాం, నీళ్ళొచ్చిన రోజున ఒకరినొకరం చూసుకుందాం, ఇక మనల్ని ఊరవతలికి తోలాల్సిన పనేముంది అని ఆవిడ వాదన. పాత గోదాము మిద్దె మీది హాలు అప్పటికే అందరిదీ అయిపోయింది. పొయ్యి అక్కడే, టీ అక్కడే, తగాదాలూ అక్కడే.

కాగితం మీద పటం వేస్తే రేడియో తాతయ్యకు పనికిరాదు. రేడియోలు బాగుచేసే ఆ పెద్దాయనకు చూపు పోయింది. అందుకని దుప్పటి మీద కుట్టారు. కుట్టిందంతా దాదాపు మిషనమ్మే. ప్రతి ఇంటికీ ఒక తెల్ల గుండీ. మోసుకెళ్ళాల్సిన మనిషో, నడిపించుకెళ్ళాల్సిన మనిషో ఉంటే దాని పక్కన ఎర్ర గుండీ. ఎర్ర గుండీ నుంచి ఒక దారం, ఎవరొచ్చి తీసుకెళ్ళాలో వాళ్ళింటి గుండీ దాకా. అత్తగారి దారం బేకరీ బాబాయి ఇంటికి వెళ్ళింది. తాతయ్య దారం మిషనమ్మ ఇంటికే వచ్చింది. ఆయన్ని మోయనక్కర్లేదు, చెయ్యి పట్టుకుని నడిపిస్తే చాలు.

ఒకటే కట్టుబాటు. ఊరెళ్ళేవాళ్ళు తమ గుండీ తామే విప్పి వెళ్ళాలి. గుండీ లేదంటే ఇంట్లో ఎవరూ లేరని లెక్క. ఖాళీ ఇంటి తలుపు కొడుతూ ఎవరూ నీళ్ళపాలు కాకూడదు కదా. నీళ్ళు రాగానే హాల్లో పటం చూసుకుని దారం ఎటు పోతే అటు పరుగెత్తడమే.

ఆ దుప్పటిని ఆఫీసుకు తీసుకెళ్ళి చూపిద్దామనుకుంటుండగా ఎవరో ఒక మాట మోసుకొచ్చారు. మెట్లెక్కలేనివాళ్ళను ఆఫీసువాళ్ళు ముందుగానే ఎక్కడో ఆశ్రమానికి తరలిస్తారట. నిజమో కాదో ఎవరికీ తెలియదు. మిషనమ్మకు ఆ 'అట' చాలు. ఆ పూట అన్నం సయించలేదు. ఎర్ర గుండీ పెట్టడమంటే ఇదిగో ఇక్కడుంది, వచ్చి ఎత్తుకుపోండి అని చెప్పడమే అనిపించింది. అత్తగారు నోరుజారినప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండే మాట నిజమే. కానీ ఆ నోరు లేని ఇంటిని తలచుకుంటే కాళ్ళూ చేతులూ ఆడలేదు.

అందుకే నిన్న సాయంత్రం అంచులు సరిచేస్తానని హాల్లో ఒంటరిగా కూర్చుని తన ఇంటి గుండీలు విప్పేసింది. ఎర్రది ఒక్కటే విప్పితే నిలదీస్తారని తెల్లదీ విప్పింది. వేలాడుతున్న తాతయ్య దారాన్ని మడిచి అంచు కిందికి దోపింది. ఆఫీసువాళ్ళు చూసి పంపేశాక మళ్ళీ కుట్టేద్దామనుకుంది. వాన ఆమెను అడిగి రాలేదు.

తాతయ్య!

ఆ పేరు తట్టగానే మిషనమ్మ కిటికీ చువ్వలు వదిలేసింది. ఇంతసేపూ తన అత్తగారి గురించే వణికింది. ఆయన దగ్గరికి వెళ్ళాల్సింది తనే. తను లేనట్టు పటంలో రాసిపెట్టింది. ఆయన ఇల్లు ఈ గోడకు అవతలే, గుమ్మం మాత్రం వెనక సందులోకి. పరుగున వెళ్ళి గోడను దబదబా బాదింది. అవతలి నుంచి చప్పుడు లేదు.

"ఏమైందే? దెయ్యం పట్టినట్టు ఆ బాదుడేంటి?"

మిషనమ్మ ఇక దాచలేకపోయింది. వెక్కుతూ మొత్తం చెప్పేసింది.

అత్తగారు బల్ల అంచు పట్టుకుని ముందుకు వంగింది.

"నన్ను దాచేశావా? నేనేమన్నా బీరువాలో బట్టనా? ఒక్క మాట నన్నడిగావా?"

"భయమేసిందత్తయ్యా."

"నీకెప్పుడు వేయలేదు గనక! సరే, ఏడుపు తర్వాత. ముందు వెళ్ళి ఆయన్ని చూడు."

"మిమ్మల్ని వదిలేసా?"

"బల్ల మీదున్నాను కదా. ఆయనకు బల్ల కూడా కనపడదు. వెళ్ళవే!"

మిషనమ్మ నీళ్ళలోకి దిగింది. సందు తిరిగేసరికి నడుము దాకా వచ్చాయి. గోడ పట్టుకుని, అడుగు ఆనుతుందో లేదో చూసుకుంటూ నడిచింది. కాలికి ఏదో చుట్టుకుంటే కెవ్వుమని అరిచింది. చూస్తే ఎవరిదో తువ్వాలు. తాతయ్య తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల కుర్చీ తేలుతోంది. రేడియో పెట్టెలు తేలుతున్నాయి. మనిషి లేడు.

"తాతయ్యా!" అని పిలిచింది. చేతులతో నీళ్ళు తడిమింది. మంచం కింద, తలుపు మూల, ఎక్కడ ఏం తగులుతుందోనని భయపడుతూనే తడిమింది. ఏమీ తగల్లేదు. నేనే చంపేశాను అనుకుంది. ఇల్లు చేరేలోపు అత్తయ్య కూడా పోతుంది అనుకుంది. ఎలా వెనక్కి తిరిగిందో, ఎన్నిసార్లు పడిలేచిందో ఆమెకు తెలియదు.

సొంత గుమ్మం దగ్గర మాటలు వినిపించాయి.

బేకరీ బాబాయి అత్తగారిని వీపున ఎక్కించుకుంటున్నాడు. "మెల్లిగారా, నేనేం పిండిమూటను కాను," అని ఆవిడ అదిలిస్తోంది. ద్వారబంధం పట్టుకుని, ఛాతీ దాకా తడిసి, రేడియో తాతయ్య నిలబడి ఉన్నాడు.

మిషనమ్మ ఆయన చెయ్యి పట్టుకుని భోరుమంది.

"నేను ఇంట్లో ఎక్కడున్నానమ్మాయ్? టీకని పొద్దున్నే హాలుకు వెళ్ళాను," అన్నాడాయన. "నీళ్ళొచ్చాయనగానే పటం తడిమితే నీ ఇల్లు లేదు. ఊరెళ్ళారన్నారు వీళ్ళు. పొద్దున నేను బయలుదేరేదాకా గోడవతల నీ మిషను ఆడుతూనే ఉంది. ఊరెళ్ళినవాళ్ళ మిషను ఎవరు తొక్కుతారు?"

"చెబితే నేను నమ్మలేదు," అన్నాడు బాబాయి తల దించుకుని. "గుండీ లేదుగా అన్నాను. ఆయన గోడ పట్టుకుని ఒక్కడే బయలుదేరాడు. ఇక రాక చస్తానా!"

హాల్లో పొయ్యి వెలుగుతోంది. ఎవరో పొడిబట్టలిచ్చారు. టీచరమ్మకు మిషనమ్మ తనే చెప్పుకుంది. టీచరమ్మ తిట్టలేదు, ఆశ్రమం మాట తనకూ నిద్ర పట్టనివ్వలేదని మాత్రం అంది. రేపు ఆఫీసువాళ్ళు ఏం చేస్తారో ఆవిడకూ తెలియదు.

మిషనమ్మ దుప్పటి ముందు కూర్చుంది. విడిచిన తడిచీర కొంగుముడి విప్పి గుండీలు తీసింది.

"పెద్దది కుట్టవే, నాది," అంది అత్తగారు పక్క నుంచి. "ఆ ఆఫీసువాళ్ళకు కూడా కనపడాలి. ఎత్తుకుపోవడానికొస్తే నా నోటికి పనుంటుంది."

తెల్ల గుండీ కుట్టింది. ఎర్రది కుట్టి, దారం బాబాయి ఇంటికి లాగింది. అంచు కింద దోపిన తాతయ్య దారాన్ని బయటికి తీసి ముడేసింది. తర్వాత డబ్బాలోంచి ఇంకో ఎర్ర గుండీ తీసి అదే ఇంటి పక్కన కుట్టడం మొదలుపెట్టింది.

"అదెవరికే?"

"నాకు," అంది మిషనమ్మ, తలెత్తకుండా. "నా కాళ్ళు బాగానే ఉన్నాయి అత్తయ్యా. భయం వేసినప్పుడే, నా దగ్గరికి ఎవరైనా రావాలి."

ఎవరూ నవ్వలేదు. రేడియో తాతయ్య దుప్పటి మీద చెయ్యి జరుపుకుంటూ వచ్చి కొత్త గుండీని వేలితో తడిమి చూశాడు.

"దాని దారం నా ఇంటికి కట్టమ్మాయ్," అన్నాడు.