గనికొండ ఎక్కిన రెండు బళ్ళు

పందొమ్మిది చలికాలాలుగా గనికొండ రోడ్డు మీద మంచు తోసేది ఆర్వో కేస్తిలాయే. కొండ మీద పదకొండు ఇళ్ళు. పొద్దున్నే వాళ్ళు కిటికీ తెర తీసేసరికి రోడ్డు నల్లగా కనిపించిందంటే ఆర్వో వచ్చి వెళ్ళాడన్నమాట. సుపీరియర్ సరస్సు ఒడ్డున ఆ ఊళ్ళో అతన్ని ఇంటిపేరు పెట్టి ఎవరూ పిలవరు. కొండ ఆర్వో అంటారు, అంతే.

పోయిన జనవరిలో ఆ పేరుకి మచ్చ పడింది. కొండ దిగుతూ మలుపులో అతని పికప్పు తోక విసిరి, రోడ్డుకి అడ్డం తిరిగి గుంటలో కూలబడింది. వెనకే వస్తున్న అంబులెన్సు దారి లేక గంటసేపు ఆగిపోయింది. లోపలున్న ముసలాయన బతికాడు కాబట్టి సరిపోయింది గానీ, ఆ గంటసేపు ఆర్వో చచ్చి బతికాడు. ఊరి పంచాయతీ వాళ్ళు ఒక మాట అనుకున్నారు. ఈసారి మొదటి పెద్ద మంచు పడగానే, మంచు తోసే పని కావాలనుకున్నవాళ్ళు ఎవరి బండి వాళ్ళు తెచ్చుకుని టైర్లకి గొలుసులు కట్టకుండా కొండ ఎక్కాలి. మలుపులో ఆగి మళ్ళీ కదలాలి. ఎవరి బండి నిలకడగా ఉంటే రోడ్డు వాళ్ళది.

ఆర్వో వేసవంతా బండి కిందే కాపురం పెట్టాడు. దాని రోగం అతనికి తెలుసు. ముందు డీజిల్ ఇంజను, దాని ముందు మంచు తోసే ఇనప రేకు, బరువంతా అక్కడే. వెనక తొట్టి ఖాళీ. టన్నులు మోయడానికి చేసిన కమాను స్ప్రింగులు కనుక ఖాళీ బండికి రాళ్ళలా బిగుసుకుని ఉంటాయి. చిన్న గతుకు తగిలినా వెనక చక్రాలు ఎగురుతాయి, ఎగిరిన చక్రానికి మంచు మీద పట్టేముంది? ఊళ్ళో అందరూ ఇసుక బస్తాలు తెచ్చి తొట్టి చివర పడేస్తారు. అప్పుడు ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు మాట వినదు. ఆర్వో వెనక ఇరుసుకి జానెడు ముందుగా చెక్కపెట్టె బిగించి, బస్తాలు కదలకుండా అందులో కుక్కాడు. కమానులో ఒక పట్టీ తీసేశాడు. షోకు కోసం వేయించిన వెడల్పాటి టైర్లు పీకేసి, మంచుని కోసుకుని నేలని పట్టే సన్నటివి వేశాడు.

ఇదంతా ఒక్కడికే చెప్పాడు. చిన్ననాటి నేస్తం వెర్నర్ పెల్టోకి, సౌనాలో.

నలభై ఏళ్ళుగా శనివారం సాయంత్రం ఇద్దరూ ఆర్వో పెరట్లోని సౌనాలో, అంటే ఆవిరిస్నానాల గదిలో, ఒంటి మీద నూలుపోగు లేకుండా, వేడి రాళ్ళ మీద నీళ్ళు చల్లుకుంటూ కూచునేవాళ్ళు. తాతలనాటి కట్టుబాటు ఒకటుంది. ఆ ఆవిరిలో అన్నమాట ఆ గడప దాటకూడదు. తిట్టుకున్నా అక్కడే, ఏడ్చినా అక్కడే.

"ఏరా, వేసవంతా బండి కింద పడుకున్నావ్, గుడ్లేమైనా పొదుగుతున్నావా?" అన్నాడు వెర్నర్ వేసవి చివర్లో ఒక శనివారం.

"పిల్లలు లేచాక చూద్దువుగాని" అని నవ్వి, ఆర్వో పూసగుచ్చినట్టు అన్నీ చెప్పేశాడు. ఎన్ని బస్తాలో, ఎంత దూరంలో పెట్టాలో, ఏ పట్టీ తీయాలో. వెర్నర్ మధ్యమధ్యలో "తర్వాత? తర్వాత?" అన్నాడు. ఎంత ప్రేమగా అడుగుతున్నాడో అని మురిసిపోయాడు ఈ వెర్రిబాగులవాడు.

నవంబరు చివర్లో మోకాటిలోతు మంచు పడింది. ఆర్వో కొండ కిందకి వెళ్ళేసరికి అక్కడ వెర్నర్ బండి ఉంది.

"నువ్వేంట్రా ఇక్కడ?"

"ఏముందిరా, ఊరికే సరదాకి" అన్నాడు వెర్నర్, టైరు మీది మంచు దులుపుతూ. సన్నటి టైరు. తొట్టి మీద టార్పాలిన్ గాలికి లేచింది. ఇరుసుకి జానెడు ముందు చెక్కపెట్టె.

చీటీ వేస్తే వెర్నర్‌కి మొదటి వంతు వచ్చింది. బండి గోడెక్కే బల్లిలా కొండెక్కింది, మలుపులో ఆగి, తోక ఆడించకుండా కదిలింది. తర్వాత ఆర్వో బండి కూడా అంతే చక్కగా ఎక్కింది. అతనికి మాత్రం ఎక్కినట్టే లేదు.

పంచాయతీ పెద్ద ఐలీ టీచరుగారు కొండ మీద నిలబడి రెండు తొట్లలోకీ తొంగి చూసింది. డెబ్భై దాటిన ఆవిడ ఇద్దరికీ చిన్నప్పుడు లెక్కలు చెప్పింది.

"ఇదేంట్రా ఆర్వో, అచ్చం వెర్నర్ బండిలాగే చేయించావ్? ఈ వయసులో కూడా చూసి రాయడమేనా?"

చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. ఆర్వో మొహం జేవురించింది. నిజం చెప్పాలంటే సౌనాలో మాట బయటికి తియ్యాలి. తీస్తే వెర్నర్‌కీ తనకీ తేడా ఏముంటుంది? ఒక్క మాట చెప్పరా అన్నట్టు వెర్నర్ వైపు చూశాడు.

వెర్నర్ బూట్లు చూసుకున్నాడు. తర్వాత తలెత్తి, "పోనీలెండి టీచరుగారూ, నేనే చెప్పాను. మావాడేగా" అన్నాడు.

దొంగిలించినందుకు కాదు, దానం చేసినట్టు మాట్లాడినందుకు ఆర్వోకి ఒళ్ళు మండింది. అయినా సౌనా మాట సౌనాలోనే ఉంచాడు. రెండు బళ్ళూ సమానమే గనుక జనవరిలో గుంటలో పడ్డ సంగతి తూకంలోకి వచ్చింది. రోడ్డు వెర్నర్‌కి ఇచ్చేశారు.

"నన్ను కింద దింపు నాయనా" అంటూ టీచరుగారు వెర్నర్ బండెక్కి పక్క సీట్లో కూచుంది. కిటికీ అద్దంలోంచి ఆర్వోకి, దిగుడులో ఇంజనే బండి వేగం తగ్గించేలా చేసే ఇంజన్ బ్రేకు దీపం వెలుగుతూ కనిపించింది. జనవరిలో తన బండి తోక విసిరింది దానివల్లేనని అతను కనిపెట్టి రెండ్రోజులే అయింది. చెప్పడానికి శనివారం ఇంకా రాలేదు. దిగుడులో అది వెనక చక్రాల్ని గట్టిగా పట్టేస్తే ఇసుకా ఆపదు, టైర్లూ ఆపవు.

నోరు మూసుకుంటే చాలు. మలుపు దాకా కూడా వెళ్ళరు. రేపు ఆ రోడ్డు మళ్ళీ తనదే. ఆర్వో అలా అనుకున్నాడు, ఎంతసేపో కాదు గానీ అనుకున్నాడు. తర్వాత పరుగున వెళ్ళి అద్దం మీద తట్టాడు.

"ఇంజన్ బ్రేకు తీసెయ్. దిగేటప్పుడు వెనక చక్రాల్ని పట్టేస్తుంది."

"చూశావా, గురువుకే పాఠం చెబుతున్నాడు!" అని టీచరుగారు పకపకా నవ్వింది.

వెర్నర్ నవ్వలేదు. ఎందుకని అడగలేదు, ఆలోచించలేదు. ఆర్వో మాట పూర్తవకముందే అతని చెయ్యి వెళ్ళి మీట నొక్కింది. దీపం ఆరిపోయింది.

బండి మెల్లగా కొండ దిగింది. మలుపులో వెంట్రుకవాసి కూడా జరగలేదు. తన మాటంటే వాడికి ఇప్పటికీ అంత నమ్మకం. అది చూశాకే ఆర్వోకి ఏడుపు ఆగలేదు.