అద్దం తుడిచే చేప

కొల్లేటి లంకలో పుట్టినవాడి ఇంట్లో గాజుతొట్టెలో చేపలేమిటని ఊళ్లో నవ్వనివాడు లేడు. సత్యానందం మాత్రం భార్య ముచ్చట కాదనలేకపోయాడు. తాడేపల్లిగూడెంలో ఎవరో ఫోన్లో వీడియోలు పెట్టి అమ్ముతుంటే, రత్నం రంగుచేపలతో పాటు రెండు నల్లచేపలు కూడా తెప్పించింది. "అద్దానికి పట్టిన పాచంతా ఇవే తినేస్తాయంటండీ!" అని మురిసిపోయింది.

తిన్నాయి, నిజమే. ఏడాది తిరిగేసరికి మూరెడేసి పెరిగి, తొట్టెలో ఒళ్లు తిప్పుకునే చోటు లేక కొట్టుకున్నాయి. ఒళ్లంతా పెంకు, వీపున ముళ్లు. కూరకి పనికొచ్చేవి కావు. తినని చేపను చంపకూడదన్నది సత్యానందం తాతల నాటి పట్టింపు. వలలో పనికిరానిది పడితే ప్రాణంతోనే నీళ్లకి వదిలేయాలి. అలాగే వీటినీ తీసుకెళ్లి కొల్లేట్లో వదిలి, రెండు ప్రాణాలు కాపాడానని తృప్తిగా ఇంటికొచ్చాడు. పిచ్చి మారాజు!

నాలుగేళ్లయింది. ఇప్పుడు వల లాగితే కొర్రమీను లేదు, జెల్ల లేదు. అన్నీ ఆ నల్లవే. మొదట్లో పడ్డవాటినల్లా అలవాటు కొద్దీ మళ్లీ నీళ్లలోకే వేశాడు కూడా. వాటి ముళ్లకి చిరిగి చిరిగి, వలలో అసలు దారం కన్నా అతుకులే ఎక్కువయ్యాయి. ఒకరి చెరువు మీద కూలికి వెళ్లనని, బతికినన్నాళ్లూ తన వల మీదే బతుకుతానని పంతం పట్టిన మనిషి, చివరికి హనుమంతరావుగారి చేపల చెరువుకి కాపలా పని అడగడానికి బయల్దేరాడు.

ఆయన గట్టు మీదే ఉన్నాడు, అడిగిందే తడవుగా ఒప్పుకున్నాడు. "వేళకొచ్చావు సత్యానందం. ఆ దెయ్యపు చేపలు గట్టంతా బొరియలు పెట్టేస్తున్నాయి. దొరికినవి దొరికినట్టు చంపడమే నీ పని."

సంగతి దాచుకుని పనిలో చేరడం సత్యానందానికి చేతకాలేదు.

"అవి కొల్లేట్లో వదిలింది నేనేనండీ. తన్నినా పడతానండి."

హనుమంతరావు నవ్వలేదు, కోప్పడలేదు. "నువ్వొక్కడివేనేంటయ్యా? మా అమ్మాయి ఇందుజ ఫోన్లో తెప్పించినవి నాలుగు, నేనే ఈ కాలవలో పోశాను. ఊళ్లో ఎవర్నడిగినా ఇదే మాట. ఎవర్నని తంతాం?"

తిట్టించుకుంటే గుండె బరువైనా తగ్గుతుందనుకున్నాడు సత్యానందం. ఆ పాటి భాగ్యానికీ నోచుకోలేదు. అందరూ చేసిన తప్పుకి ఎవరి కాళ్లు పట్టుకోవాలి?

పట్టి గట్టు మీద పడేసిన నల్లచేపలు ఎండలో నోళ్లు తెరుస్తున్నాయి. అవి గంటలైనా చావవు. హనుమంతరావు దుడ్డుకర్ర చేతికిచ్చాడు. సత్యానందం కళ్లు మూసుకుని ఒక్క దెబ్బ వేశాడు. చేప చావలేదు. ఏడుస్తూనే మళ్లీ కర్ర ఎత్తాడు.