పెన్సిలు టై కట్టుకున్న యోధుడు

కెటిల్ ఆవిరి పట్టిస్తే కార్డు చిరగకుండా ఊడుతుందని పక్కింటి బ్లాడ్వెన్ చెప్పింది, ఆవిడ చెప్పిన కొలతలతో ఇంతవరకు ఒక్క కేకూ పొంగలేదు, అయినా పట్టిస్తున్నాను, బీరువా తలుపుకి చెమటలు పడుతున్నాయి, కార్డు మీది మనిషి మాత్రం చలించడు, సిగరెట్ పెట్టెలో ఊరికే వచ్చే మనిషి, ప్రపంచ జాతుల వరసలో సోమాలీ యోధుడట, మొలకి గుడ్డ, చేతిలో బల్లెం, ఉరిమే గుడ్లు, వెనక ఒక సింహం కూడా, బొమ్మ వేసినవాడు ఒక్కసారి మా కార్డిఫ్ రేవుకి వచ్చినా మా ఆయన, వర్సమే అనే అసలు సోమాలీ, కనబడేవాడు, ఓడలో బొగ్గు ఎత్తిపోసే పనే గాని గంజి పెట్టిన కాలరు లేనిదే రొట్టె కొనడానికైనా వీధిలోకి వెళ్ళేవాడు కాదు, సింహం మాట దేవుడెరుగు, బ్లాడ్వెన్ పిల్లిని చూస్తేనే కుర్చీ మీదికి కాళ్ళెత్తుకునేవాడు.

బడిలో పిల్లలు ఇదుగోనే మీ నాన్న, బల్లెం మర్చిపోయి ఓడెక్కాడా అంటూ దీన్ని మా అమ్మాయి సహ్రా మొహాన విసిరారట, ఏడుస్తూ వస్తుందనుకుంటాం కదా, గంతులేస్తూ వచ్చింది, అమ్మా నాన్న దొరికాడే అని, వెనకనున్న జిగురు నాలుకతో తడిపి తలుపుకి అంటించేసింది, ఆయన ఎక్కిన ఓడ మునిగేనాటికి అది చంటిపిల్ల, ఉన్న ఒక్క ఫొటో ఓడపని పుస్తకంలో ఆయనతోపాటే నీళ్ళపాలైంది, ఇంకొకటి తీయించుకుందాం రావయ్యా అంటే, మొహం ఎదురుగానే ఉంటే కాగితం మీద ఎందుకే, అనేవాడు, కాదే తల్లీ, మీ నాన్న ఇలా ఉండడు, టై లేకుండా గుమ్మం దాటేవాడు కాదు అన్నాను, తెల్లారేసరికి యోధుడి మెడకి పెన్సిలుతో టై, సింహానికీ ఒకటి, నవ్వొచ్చి చచ్చాను, ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో తెలియలేదు.

ఆవిరికి కార్డు ఒక మూల లేచింది, సహ్రా నా గౌను పట్టుకుని, పీకకమ్మా, తప్పులు చెప్పు, దిద్దుతాను, ముక్కు ఇలాగే ఉండేదా, కాదే, ఇంత లావు కాదు, పెదాలు, అబ్బే, కళ్ళు, ఛ, మీ నాన్న అలా ఉరిమి చూడడు, మరెలా ఉండేవాడో చెప్పు, పెన్సిలు ఎత్తి పట్టుకుని ఆగింది, కళ్ళు మూసుకున్నాను, గొంతు వచ్చింది, సబ్బు వాసన వచ్చింది, భుజం మీద చెయ్యి బరువు కూడా వచ్చింది, మొహం దగ్గరికి వచ్చేసరికి గుడ్లురుముతూ ఆ కార్డువాడే, వాణ్ణి పక్కకి నెడితే వెనక ఎవరూ లేరు, చెప్పమ్మా, అంటోంది, ఆయన ఎలా ఉండడో ఊరందరితో పోట్లాడి చెప్పగలను, ఎలా ఉండేవాడో నా బిడ్డకి చెప్పలేను.