శనివారం ఆ అమ్మాయి పాడదు

ఆరిన బట్టలు మడతపెడుతూ, ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఆవిడ రేడియో వాళ్లతో మాట్లాడుతోంది. "కొత్త పాట పొద్దున ఎనిమిదింటికి వెయ్యండి, అప్పుడే జనం బస్సుల్లో ఉంటారు. సార్ చెప్పమన్నారు." సార్ అంటే ఆవిడ మొగుడు. ఆయనగారు అప్పటికింకా పక్క దిగనే లేదు.

తొమ్మిదేళ్లుగా ఇదే తంతు. గాయకులను వెతికి పైకి తెచ్చే మేనేజర్‌గా ఆయనకి బోలెడంత పేరు. వచ్చిన రికార్డింగులన్నీ కూర్చుని వినేది ఆవిడ. ఏ పాటతో మొదలెట్టాలో, గొంతు అలిసేలోపు ఏది పాడించెయ్యాలో కాగితం మీద వరస రాసేదీ ఆవిడే. "ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా, ఓ ఫోన్ కొట్టు" అంటాడాయన. "మావాడు రెక్కలు ముక్కలు చేసుకుంటుంటే ఈవిడకి ఫోన్లో కబుర్లు" అంటుంది అత్తగారు. అమ్మా తల్లీ, ఆ కబుర్లతోనే ఈ ఇల్లు నడుస్తోంది అని నోటిదాకా వచ్చేది, మింగేసేది. ఆడమనిషి మాట ఈ లైన్లో ఎవరూ వినరని మొదటి ఏడాదే ఆయన తేల్చేశాడు. ఈవిడ నమ్మేసింది! తలుచుకుంటే ఇప్పుడు తన మీద తనకే ఒళ్లు మండుతుంది.

సోఫాలో ఆ కొత్త పాట పాడిన గాయని ముడుచుకుని కూర్చుంది. ఇరవై రెండేళ్ల పిల్ల, ఆవిడని అక్కా అంటుంది. నిన్న డాక్టర్ గొంతు చూసి, పదిహేను రోజులు ఒక్క మాట కూడా మాట్లాడొద్దన్నాడు. పాడితే గొంతు మళ్లీ రాకపోవచ్చన్నాడు. ఏం చెప్పాలన్నా నోటుపుస్తకంలో రాసి చూపిస్తోంది. శనివారం స్టేడియంలో కచేరీ. "రెండు పాటలు పాడేస్తే చాలు, మిగతావాటికి రికార్డు పెట్టి పెదాలు కదిపిస్తాం. ఆ మాత్రానికి కొంపలేం మునగవు" అని రాత్రి అన్నంలో చెయ్యి పెట్టి తేల్చేశాడాయన.

"నీకేం కావాలే?" అని అడిగింది ఆవిడ.

ఆ పిల్ల బిత్తరపోయింది. ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడిగినట్టు లేరు. 'సార్ పాడమంటే పాడతా' అని రాసింది. కొట్టేసింది. కాసేపాగి, 'ముసలిదాన్నయ్యేదాకా పాడాలక్కా' అని రాసి, మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. ఏడుపు కూడా చప్పుడు లేకుండానే.

ఆవిడ చేతిలో దుప్పటి పక్కన పడేసి, కచేరీ పెట్టిస్తున్నాయనకి ఫోన్ చేసింది. అలవాటుగా 'సార్' అని మొదలెట్టబోయి ఆగింది.

"శనివారం ఆ అమ్మాయి పాడదండీ. గొంతు బాగాలేదు. డాక్టర్ రాసిచ్చిన కాగితం పంపిస్తా. వచ్చే నెల ఏదైనా తారీఖు ఇవ్వండి, ఎవరూ వినని రెండు పాటలు మీ దగ్గరే మొదట పాడిస్తా."

"ఇది సార్ మాటేనా?"

"కాదు. నా మాట."

అయిపోయింది, ఈయన తిడతాడు అనుకుంది. "ఇప్పుడే చెప్పారు, నయం. చివరి నిమిషంలో చెబితే చచ్చేవాణ్ణమ్మా" అన్నాడతను. "వచ్చే నెల రెండో శనివారం ఖాళీ. ఈసారి నుంచి నేరుగా మీకే చేస్తా. సార్‌ని ఏదడిగినా కనుక్కుని చెప్తా అంటారు. ఎవర్నడిగి కనుక్కుంటారో నాకు తెలీదనుకున్నారా?"

ఆవిడకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో మొగుడు, నోట్లో బ్రష్షుతో. అంతా విన్నట్టున్నాడు.

"ఎవర్నడిగి రద్దు చేశావ్?"

"పాడే పిల్లని."

ఆయన మొహం కందగడ్డలా అయింది. "మరి మేనేజర్ని నేనెందుకున్నట్టు?"

"తొమ్మిదేళ్లుగా నాకూ అదే అర్థం కావట్లేదండీ" అంది ఆవిడ.