వంటింటి కన్నడం

కందికాయలు ఒలిచేటప్పుడే భవానికి కన్నడం బాగా వచ్చేది. ఎదురుగా అత్త బస్వమ్మ, మధ్యలో చాట, పక్కన డబ్బాకు ఆనించిన ఫోన్‌లో ఏదో ఒక కన్నడ సినిమా. బస్వమ్మ పుట్టిల్లు బీదర్ అవతలి పల్లె. పెళ్ళై జహీరాబాద్ వచ్చి నలభై రెండేళ్ళయినా, చేతిలో పనుంటే ఆమె నోటికి పుట్టింటి మాటే వస్తుంది. కోహీర్‌లో పుట్టి పెరిగిన భవానికి పెళ్ళినాటికి తెలుగు తప్ప ఇంకో భాష రాదు. కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్‌గా పాఠాలు చెప్పుకుంటూనే హైదరాబాద్ యూనివర్సిటీలో పరిశోధనకు చేరింది. నవలల్లో, సినిమాల్లో ఇంటి ఆడవాళ్ళ అణచివేత ఆమె విషయం. తెలుగొక్కటే చాలదు, పక్క భాష కూడా చూడమన్నారు గైడు. పక్క భాష రోజూ ఎదురుగా కూర్చుని కందులు ఒలుస్తూనే ఉంది కదా అని సరేనంది.

ఆమె పని పద్ధతి చూడటానికి చిన్నదే. ఒక పొడుగాటి నోటుబుక్కులో మూడు గడులు గీసుకుంది. ఎవరు వండారు, ఎవరు వడ్డించారు, ఎవరు కూర్చుని తిన్నారు. నలభై ఒక్క సినిమాలు చూస్తే, ఆడమనిషి కూర్చుని తిన్నవి ఆరంటే ఆరే. ఆ ఆరింటిలోనూ నాలుగుసార్లు ఎవరో పిలవడమూ, ఆమె సగంలో లేవడమూ. ఒకసారి సరిగ్గా అలాంటి సీను నడుస్తుండగా పక్క గదిలోంచి భర్త వీరేశ్ "ఇంకో రొట్టె" అన్నాడు. భవాని సినిమా ఆపి, వెళ్ళి రొట్టె వేసి వచ్చి, పిండి వేలితో మళ్ళీ నొక్కింది. ఆ వేలిముద్ర నోటుబుక్కు మీద కూడా పడింది.

వీరేశ్ ఝరాసంగం వైపు హైస్కూల్లో టీచరు. "సినిమాలు చూసుడు గూడ చదువేనా? ముందే తెలిస్తే నేనూ గదే చదువుతుంటి" అని స్టాఫ్‌రూంలో నవ్వించేవాడు. ఆ నోటితోనే "మా ఇంట్ల ఆమెను పీహెచ్‌డీ చదివిపిస్తున్న" అని ఛాతీ విరుచుకుని చెప్పేవాడు. చెడ్డవాడేం కాదు. "నేనెప్పుడన్న వద్దన్ననా?" అనేవాడు. నిజమే, అతనెప్పుడూ వద్దనలేదు. వద్దనని మనిషితో ఎలా కొట్లాడాలో తను చదివిన ఏ నవలలోనూ భవానికి దొరకలేదు.

యూనివర్సిటీ వాళ్ళు రెండో భాషలో నోటి పరీక్ష పెడతారు. మూడు అవకాశాలు. మొదటిది ఆడబిడ్డ పురుడుకు పోయింది. రెండోది మరిది గృహప్రవేశానికి పోయింది. మూడోదీ పోతే రిజిస్ట్రేషన్ రద్దు, ఆరేళ్ళ పని చెత్తబుట్టకు. డిసెంబర్‌లో తేదీ వచ్చింది. చూస్తే ఆ రోజే ఎల్లమాస.

ఎల్లమాస అమావాస్యనాడు ఈ వైపు రైతు ఇళ్ళన్నీ చేలల్లోనే ఉంటాయి. సజ్జరొట్టెలు చేయాలి, దొరికిన కూరగాయలూ పచ్చి గింజలూ అన్నీ కలిపి బజ్జి ఉడికించాలి, అంబలి కాయాలి, గంపలకెత్తి చేనుకు మోయాలి. చేలో పూజ అయ్యాక పిలిచినవాళ్ళనూ దారినపోయేవాళ్ళనూ కూర్చోబెట్టి తినిపించాలి. న్యాల్‌కల్ దగ్గరి తమ నాలుగెకరాలకు వీరేశ్ ఈసారి స్కూలు స్టాఫును ముప్పై మందిని పిలిచాడు. ఇవేవీ హైదరాబాద్ యూనివర్సిటీకి తెలిసే సంగతులు కావు.

"పోవద్దని నేనంటనా?" అన్నాడు వీరేశ్. "ముందు రోజు జర అన్నీ తయారు చేసి పెట్టి పో. మిగిలింది అమ్మ చూసుకుంటది."

భవాని తలూపింది. అత్తమ్మ చూసుకుంటుందన్న మాట అతని నోట్లో కంటే ముందు తన మనసులోనే పుట్టింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

పరీక్షకు నాలుగు రోజుల ముందు బీదర్‌లో ఉండే రిటైర్డ్ కన్నడ పంతులు చెన్నబసప్పకు ఫోన్ చేసింది. గైడు నంబరిచ్చి, ఒకసారి ఆయనతో మాట్లాడి చూడమన్నారు. ఆయన కన్నడంలో నెమ్మదిగా అడిగాడు, మీ గురించి చెప్పండి, మీకేం ఇష్టం, మీకేం కావాలి అని. భవాని నోరు తెరిచింది. లోపల మాటలు బోలెడున్నాయి. తగొండు బా, తీసుకురా. హాకు, వెయ్యి. బడిసు, వడ్డించు. తడి, ఆగు. ఒక్కటీ ఆ ప్రశ్నకు జవాబు కాలేదు. చివరికి రొట్టె ఎలా చేస్తారో చెప్పింది.

ఆయన నవ్వాపుకోలేకపోయాడు. "మేడమ్, మీ కన్నడం మొత్తం వంటింట్లనే ఉన్నది. జర బయటికి తీస్కరాండ్రి."

ఫోన్ పెట్టేసి వచ్చి చాట ముందు కూర్చుంది. "అత్తమ్మా, నాకు కావాలె అని ఎట్లంటరు?"

"నంగ బేకు."

"నువ్వు అనంగ నేనెప్పుడు ఇనలే."

"ఏం గావాలని అనాలె?" అంది బస్వమ్మ, చేతులు ఆపకుండానే.

చాట సగం నిండింది. సినిమా దానంతటదే నడుస్తోంది. ఇన్నాళ్ళుగా తాను సీను ఆపి గడులు నింపుకుంటున్నప్పుడల్లా ఈ కాయలు ఎవరు ఒలిచారో భవానికి ఇప్పుడు లెక్కకొచ్చింది. ఆ మూడు గడుల్లో దానికి చోటు లేదు.

"ఒకటున్నది," అంది బస్వమ్మ ఉన్నట్టుండి. "ఎల్లమాసకు మా తమ్ముని చేన్ల కూసొని తినాలె. పిలిస్తే వచ్చినోళ్ళ లెక్క. పెండ్లయినంక ఒక్కసారి పోలే. ఏటా ఇక్కడ్నే వండుడైతది గద." తనే నవ్వింది. "మరదలు ఇంకో రొట్టె ఏసుకో వదినా అంటె, వద్దు వద్దు అనాలె."

అక్కడ వడ్డించేదీ మళ్ళీ ఒక ఆడమనిషే. భవానికి ఆ సంగతి తట్టింది. తట్టినా ఈసారి రాసుకోలేదు.

"పోదాం, అత్తమ్మా."

"ఎటు?"

"నువ్వటు, నేనిటు."

ఆ సాయంత్రం వీరేశ్ తింటున్నప్పుడు చెప్పింది, ఎల్లమాసకు తానూ ఉండనని, అత్తమ్మా ఉండదని. అతను నవ్వాడు. "అమ్మెటు పోతది?"

"మా తమ్ముని చేనుకు," అంది బస్వమ్మ గుమ్మంలోంచి.

"ముప్పై మందిని పిలిచిన గదనే అమ్మా."

"పిలిచినోనివి నువ్వే గద బిడ్డ."

అతను రొట్టె చేతిలో పట్టుకుని ఇద్దరి వైపూ చూశాడు. బస్వమ్మ మామూలుగానే చెప్పుకుపోయింది. "గింజలన్నీ ఒలిచిపెట్టినం. సజ్జపిండి పెద్ద డబ్బాల ఉన్నది. పొయ్యి ఎక్కడుంటదో నీకు తెల్వనిదా?"

"మీరిద్దరు కూడబలుక్కున్నరా?" అన్నాడు భవానితో.

"కన్నడంల," అంది భవాని.

పండుగ పొద్దున బస్టాండులో బీదర్ బస్సు ముందొచ్చింది. బస్వమ్మ చేతిలో చిన్న సంచి తప్ప ఏమీ లేదు. ఎల్లమాసనాడు నెత్తిన గంప లేకుండా నడవడం ఆమెకు తెలియదు. ఖాళీ చేయి మాటిమాటికీ పైకి పోయి కొంగు సర్దుకుంటోంది. కిటికీ దగ్గర కూర్చున్నాక, "వాడు తిట్టుకుంటడో ఏమో" అంది. "తిట్టుకోనీ" అనలేదు భవాని. టికెట్ తీసుకున్నవా అని మాత్రం అడిగింది.

హైదరాబాద్‌లో పరీక్ష గది బయట ఫోన్ తీస్తే వీరేశ్ చేసిన పదకొండు కాల్స్ ఉన్నాయి. ఒక మెసేజ్ కూడా. "బజ్జిల నువ్వుల పొడి ముందే ఏస్తరా, దించినంకనా?" ఆమెకు జవాబు తెలుసు. ఫోన్ సంచిలో పెట్టి లోపలికి వెళ్ళింది.

పరీక్ష చేసే ఆవిడది కలబురగి. కాగితం మీద పేరూ ఊరూ చూసి ముఖం విప్పారింది. కన్నడంలోనే అడిగింది, "జహీరాబాదా? ఈ రోజు మీ వైపు కూడా పండుగే కదా. మరి మీరిక్కడుంటే ఇంట్లో వంట ఎవరు చేస్తున్నారు?"

సంచిలో ఫోన్ మళ్ళీ వణికింది.

"నంగ గొత్తిల్ల," అంది భవాని. నాకు తెలియదని.

ఆవిడ తల ఎత్తి చూసి, ఏదో రాసుకుంది. భవాని కుర్చీలో వెనక్కి ఆనుకుని, రెండో ప్రశ్న కోసం కూర్చుంది.