గోడ మీద బాకీ

ఆ సోఫా ఇంట్లోకి రావడానికి గుమ్మం ఊడదీయాల్సి వచ్చింది. వడ్రంగి ద్వారబంధం పీకి పక్కన పెట్టాడు. నలుగురు మనుషులు ఆపసోపాలు పడుతూ సోఫాని మోసుకొచ్చి ముందుగదిలో దించారు. మళ్లీ ద్వారబంధం బిగించి, కూలి పుచ్చుకుని వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో మనుషులు పక్కకి తిరిగి నడవడం నేర్చుకున్నారు.

ఇరుకు గదిలోకి అంతటి సోఫా ఎందుకయ్యా అంటే, ఒక ఆదివారం ఇంటాయన అన్నగారు భోజనానికి వచ్చి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటూ, "విరగదు కదరా ఇది?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు పాపం. తమ్ముడికి మాత్రం ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. తమ్ముడు సిటీ బస్సు నడుపుతాడు. మంచివాడు, ఎముక లేని చెయ్యి. డిపో ఎదుట టీకొట్టులో పదిమంది తాగితే పర్సు ముందు తీసేది ఆయనే. మర్నాడే వెళ్లి వాయిదాల మీద సోఫా కొన్నాడు. సోఫా ముందు పాత టీవీ వెలవెలబోతోందని గోడంత టీవీ తెచ్చాడు. అన్నగారు వచ్చినప్పుడల్లా హోటలు భోజనం. వాయిదాలు కట్టడానికి ఫైనాన్సు వాళ్ల దగ్గర అప్పు, ఆ అప్పుకి వడ్డీ కట్టడానికి మళ్లీ వాళ్ల దగ్గరే ఇంకో అప్పు. జీతం వచ్చింది వచ్చినట్టే పోతోంది, అప్పు మాత్రం నెలనెలా ఒళ్లు చేస్తోంది.

ఆయన భార్య బోర్డులు రాస్తుంది. వీధి వీధంతా ఆమెను పెయింటరమ్మ అంటుంది. ఫ్లెక్సులు వచ్చి సగం పని మింగేశాయి కానీ, మిగతా సగం ఆమె అక్షరం చూసి వెతుక్కుంటూ వస్తుంది. పోయిన ఏడాది ఒక మందుల షాపు బోర్డుకి అడ్వాన్సు తెచ్చుకుంటే, ఆయన దాన్ని తీసుకెళ్లి సోఫా వాయిదాకి కట్టేశాడు. రంగులు కొనడానికి చేతిలో చిల్లిగవ్వ లేక ఆమె ఆ షాపు వాళ్లకి మొహం చాటేసింది. చూసి చూసి వాళ్లు ఫ్లెక్సు తగిలించుకున్నారు. ఆమెకి ఇప్పటికీ ఆ వీధిలోంచి నడవాలంటే సిగ్గు. నమ్మి పనిచ్చిన వాళ్ల దగ్గర మాట పోవడం ఆమె దృష్టిలో అప్పుకన్నా పెద్ద నష్టం.

ఈసారి వచ్చింది పెద్ద పని. బడి ప్రహరీగోడ, ఈ చివర నుంచి ఆ చివరిదాకా బొమ్మలూ అక్షరాలూ. హెడ్‌మాస్టరు ఇచ్చిన అడ్వాన్సు అచ్చంగా రంగులకి సరిపోతుంది. పని పూర్తయ్యాక వచ్చే డబ్బుతో అప్పులో మూడోవంతు తీరిపోతుంది. ఆ ఊబిలోంచి కాలు పైకి తీయడానికి ఆమెకు దొరికిన గట్టు అదొక్కటే.

సరిగ్గా అప్పుడే మైకు వచ్చాడు.

మైకు అంటే ఫైనాన్సు వాళ్ల వసూళ్ల మనిషి. ఆ పేరు వీధి పెట్టింది. పాపం, ఆయన కొట్టడు, తిట్టడు, గడప కూడా తొక్కడు. గేటు దగ్గర నిలబడి మర్యాదగా మాట్లాడతాడు, అంతే. ఆ మర్యాద వీధి చివర బేకరీ దాకా వినపడుతుంది.

"మూడు వాయిదాలు కట్టలేదమ్మా," అన్నాడు గురువారం సాయంత్రం. "ఆదివారం మధ్యాహ్నం వస్తాను. ఆ రోజు మీ బావగారు వాళ్లు కూడా ఉంటారట కదా. పెద్దవాళ్ల ముందు మాట్లాడుకుంటే బాగుంటుంది."

"మా బావగారు వస్తున్నట్టు మీకెవరు చెప్పారు?"

"సారే చెప్పారమ్మా. చుట్టాలొస్తున్నారు, ఆదివారం మాత్రం రావద్దు అని."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. సారు తలుపు వెనక నక్కి ఉన్నాడు. తాడు తెచ్చి దొంగ చేతికి తనే ఇచ్చి, కట్టెయ్యకు బాబూ అని బతిమాలుకునే రకం ఆయన.

మైకు వెళ్లాక ఆయన కాలుగాలిన పిల్లిలా సోఫా చుట్టూ తిరగబోయాడు. తిరగడానికి చోటు లేక ఆగిపోయాడు.

"ఆ బడి అడ్వాన్సు వాడి మొహాన కొడదాం. ఈ ఒక్కసారికి."

"ఈ ఒక్కసారికి అని మీరనడం ఇది ఎన్నోసారి?"

"అన్నయ్య ముందు వాడు నోరు విప్పితే నా పరువేం కావాలి?"

"ఈ అప్పంతా ఆ పరువుకి మేతేసి పెంచిందే. ఇంకా ఎంత పెడతారు దానికి?"

"వాడి నోరు మూయించాలిగా."

"డబ్బిస్తే మూస్తాడా? వచ్చే నెల ఇంకా పెద్దగా తెరుస్తాడు. అరిస్తే మనం ఇస్తామని వాడికి నేర్పింది మనమే."

ఆయన మొహం మాడ్చుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు. ఆమెకు కోపంతో ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కన్నా తన మీదే ఎక్కువ. సోఫా దించిన రోజున పక్కకి జరిగి నిలబడింది తను కాదా? పక్కింటి వాళ్లు కళ్లు పెద్దవి చేసి చూస్తుంటే లోలోపల మురిసిపోయింది తను కాదా? భయం కూడా వేసింది. కానీ మందుల షాపు వీధిలాగా బడి వీధిని కూడా వదులుకోవడానికి ఆమె సిద్ధంగా లేదు. ఇలాగే పోతే రేపు నడవడానికి ఊళ్లో వీధులే మిగలవు.

శుక్రవారం పొద్దున్నే వెళ్లి అడ్వాన్సుతో రంగులు కొనేసింది. ఇక ఆ డబ్బు అడగడానికి ఎవరికీ వీల్లేదు, అది డబ్బాల్లోకి వెళ్లిపోయింది. శనివారం పాత సామాన్ల వాణ్ని పిలిచి సోఫా, టీవీ బేరం పెట్టింది. మళ్లీ ద్వారబంధం ఊడింది. వచ్చిన డబ్బు ఆ రెండింటి మీద మిగిలిన వాయిదాలకి అక్కడికక్కడికి సరిపోయింది. మిగిలింది ఫైనాన్సు వాళ్ల బాకీ. ఖాళీ గదిలో ఆమె ఎదురుగా చూస్తూ నడిచింది, ఎంత హాయిగా ఉందో. రాత్రి డ్యూటీ దిగొచ్చిన ఆయన ఖాళీ గది చూసి, అటకెక్కించిన పాత ప్లాస్టిక్ కుర్చీ దించి వేసుకున్నాడు.

ఆదివారం ఉదయం నిచ్చెన తెచ్చి తన ఇంటి ముందుగోడకే ఆనించింది. ఆయన కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"ఏం రాస్తున్నావ్?"

"మైకు చెప్పబోయేదే."

ఆయన తల లోపలికి తీసుకుని కిటికీ మూసేశాడు.

నీలం రంగుతో, మూరెడు అక్షరాలతో ఆమె ఇలా రాసింది: "ఈ ఇంటి బాకీ రూ. 1,80,000. ఎగ్గొట్టం. నెలనెలా కడతాం. అడగవచ్చినవారు చదువుకొని వెళ్లగలరు. అరవనక్కర్లేదు."

వీధి ముక్కున వేలేసుకుంది. పక్కింటి పెద్దావిడ కళ్లజోడు తెచ్చుకుని మరీ చదివింది.

"సున్నా ఒకటి ఎక్కువ పడినట్టుందే అమ్మాయ్."

"లేదు పిన్నిగారూ, సరిగ్గానే పడింది."

మధ్యాహ్నం మైకు వచ్చాడు. అలవాటుగా గొంతు సవరించుకున్నాడు, నోరు తెరిచాడు, గోడ చూశాడు. చుట్టూ చేరిన జనం ఆయన ఏమంటాడా అని చూస్తున్నారు. వాళ్లకి తెలియనిది ఆయన దగ్గర ఒక్క మాట కూడా మిగల్లేదు.

"మీరు చెప్పాల్సింది అక్కడుంది," అందామె. "తప్పేమైనా ఉంటే చెప్పండి, దిద్దుతాను."

"ఇలా రాస్తే మాకు చెడ్డపేరు మేడం," అన్నాడు మైకు. పక్కవాడికి కూడా వినపడనంత మెల్లగా అన్నాడు.

"మీ పేరు రాయలేదుగా. రాయమంటే రాస్తాను. అక్షరానికింత అని ఇవ్వాలి, అరువు మాత్రం లేదు."

మైకు చల్లగా జారుకుంటుంటే బావగారు, తోటికోడలు ఆటో దిగారు. గోడ చదివిన బావగారు ఒంటికాలి మీద లేచాడు.

"ఎవడు రాశాడిది?"

"నేనే బావగారూ."

"చెరిపెయ్. మా ఇంటి పరువు బజారున పడేస్తావా? ఎంతైతే అంత నేనిస్తాను, ముందు చెరిపెయ్."

ఆమె చెరపలేదు. ద్వారం దగ్గర ఆయన తమ్ముడు తల దించుకుని నిలబడ్డాడు. ఏం జరిగేదో కానీ, ఈలోపు తోటికోడలు నవ్వింది. చాలాకాలం బిగపట్టుకున్న నవ్వు అది.

"ఎక్కణ్నుంచి తెచ్చి ఇస్తారు?" అంది మొగుడితో. "వీళ్ల సోఫా చూసొచ్చిన వారానికే మనమూ కొన్నాం కదా, దీనికన్నా పెద్దది. ఇంకా సగం కట్టాలి." తర్వాత పెయింటరమ్మ వైపు తిరిగింది. "అమ్మాయ్, రంగు ఏమైనా మిగిలిందా? మా గోడ కూడా ఖాళీగానే ఉంది."

బావగారు లోపలికి వెళ్లాడు. గదంతా వెతికినా కూర్చోవడానికి ఆ పాత ప్లాస్టిక్ కుర్చీయే కనపడింది. కూర్చున్నాడు. అది విరగలేదు. అందరూ ఇంట్లో వండిన అన్నం, కూర తిన్నారు. తమ్ముడు మాత్రం తల ఎత్తకుండా తిన్నాడు.

ఆ మరుసటి రోజు నుంచి ఆమె బడిగోడ ఎక్కింది. సెలవు దొరికినప్పుడల్లా ఆయన వచ్చి నిచ్చెన పట్టుకునేవాడు. టీకొట్టు దగ్గర ఎవరి టీ వాళ్లే కొనుక్కోవాలని ఒకరోజు చెప్పేశాడట. స్నేహితులు రెండ్రోజులు ఎగతాళి చేసి, మూడో రోజు నుంచి ఎవరి పర్సు వాళ్లు తీశారట. ఆ సంగతి ఆమెకి చెప్పేటప్పుడు ఆయన గొంతులో మొదటిసారి కాస్త పొగరు వినపడింది. ఆమెకి అది నచ్చింది.

బడిగోడ పూర్తయి డబ్బు చేతికొచ్చిన వారం మైకు మళ్లీ వచ్చాడు. పిల్లిలా వచ్చి, గేటు మీద వేలితో తట్టాడు. ఆమె పాత వాయిదాలన్నీ కలిపి ఇచ్చింది, పైన అసలులోకి ఇంకొంత ఇచ్చింది. ఆయన లెక్కపెట్టుకుని, రసీదు రాసిచ్చి వెళ్లబోయాడు.

"ఆగండి," అందామె. "ఇప్పుడు గట్టిగా చెప్పండి."

"ఏం చెప్పమంటారు మేడం?"

"ఇన్నాళ్లూ మా గేటు దగ్గర కట్టలేదు, కట్టలేదు అని చెప్పారు కదా. ఇవాళ కట్టాం. అది కూడా ఆ గొంతుతోనే చెప్పి వెళ్లండి."

మైకు నవ్వి ఊరుకోబోయాడు. అప్పుడు తలుపు తెరుచుకుంది. ఆమె భర్త బయటికి వచ్చాడు. ఇన్నాళ్లలో మైకు ఉండగా ఆయన గడప దాటడం అదే మొదలు. వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు.

"బేకరీ దాకా వినపడాలి," అన్నాడు.

మైకు ఇద్దరినీ చూశాడు. ఇక తప్పదని గొంతు సవరించుకుని, "ఈ ఇంటివాళ్లు పాత వాయిదాలన్నీ కట్టేశారు," అన్నాడు.

బేకరీ ముందు నిలబడ్డ మనిషి, వినపడిందన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆమె బ్రష్షు నీలం రంగులో ముంచి భర్త చేతికిచ్చింది. పాత అంకె మీద తెల్లరంగు వేసి, కొత్త అంకె ఆయనే రాశాడు. రూ. 1,20,000. వంకరటింకరగా వచ్చింది. తన గోడ మీద ఒక్క వంకర గీత కూడా ఉండనివ్వని మనిషి ఆమె, దాన్ని చూసి ఊరుకుంది. వచ్చే నెల ఎలాగూ చెరిపేసేదే కదా అంది.